మాకు విసుగు కూడా నిషేధమేనా?

సడలింపు అనే మాట 2020లో తెలుగువాళ్ల ఇళ్లన్నిటికీ వచ్చింది. పొద్దున్నే పేపరు తీస్తే సడలింపు, రాత్రి టీవీ పెడితే సడలింపు. ఏ జోనుకెంత, ఏ దుకాణానికెన్ని గంటలు అని దేశమంతా లెక్కలేసుకుంది. మాకు ఆ మాట పాతదే. 1978లో రమీజాబీ ఘటన తరవాత, 1984లో, మళ్లీ 1990 డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీ ఆ మాట కోసం చెవులప్పగించి బతికింది. కర్ఫ్యూ సడలింపు ఫలానా టైం నుంచి ఫలానా టైం వరకు. ఆ కాస్త టైంలోనే పాలు తేవాలి, బియ్యం తేవాలి, ఉస్మానియాలో ఉన్నవాణ్ణి చూసి రావాలి, చనిపోయినవాడుంటే కబరస్తానుకు మోసుకెళ్లాలి. గడియారం చూసుకుంటూ పొయ్యి వెలిగించడం మా అమ్మీలకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అందుకే లాక్‌డౌన్ వచ్చినప్పుడు మాలో కొందరం ఒక ఆశ పెట్టుకున్నాం. ఇంట్లో పెట్టి బయట పోలీసును నిలబెడితే ఎలా ఉంటుందో ఇప్పుడు అందరికీ తెలుస్తుంది, ఇక మా గోడు వాళ్లకు అర్థమవుతుంది అనుకున్నాం. తెలిసింది. పది రోజులకే విసుగొచ్చింది, నెలకు కోపమొచ్చింది. తెరవాలా వద్దా అని వాదనలు మొదలయ్యాయి. వాదించినవాళ్లను మేం తప్పుపట్టం. తలుపు మూసినవాణ్ణి ఎప్పుడు తీస్తావని అడగడం మనిషి లక్షణం. మేం అడుగుతున్నది ఒక్కటే. అదే విసుగు దేశమంతా పడితే ప్రజల అసహనం అయింది. మేం పడితే కుట్ర ఎందుకయింది?

2020 మార్చి 24 సంగతి చూడండి. ఆ రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో కనిపించి, అర్ధరాత్రి నుంచి దేశం బందు అన్నారు. నాలుగే గంటల వ్యవధి. ఆ పొద్దున్నే ఢిల్లీ షాహీన్‌బాగ్‌లో మా ఆడవాళ్లు వంద రోజులకు పైగా కూర్చున్న డేరాను పోలీసులు పీకేశారు. రోగం నిజం, గుంపుగా కూర్చోకూడదన్నదీ నిజమే. ఆ మాటకు మేం తగువు పెట్టుకోం. కానీ గుంపులు కూడకూడని ఆ రోజుల్లో కూడా పౌరసత్వ చట్టాన్ని ఎదిరించిన పిల్లల్ని అరెస్టు చేయడానికి మాత్రం ఏ అడ్డూ లేకపోయింది. గర్భిణి అయిన సఫూరా జర్గర్ ఏప్రిల్‌లో జైలుకెళ్లి జూన్ దాకా అక్కడే ఉంది.

మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం, నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లొచ్చినవాళ్లలో ఆరుగురు చనిపోయారని ప్రకటించింది. అక్కడి పెద్దలు అంతమందిని ఒకచోట ఉంచడం తప్పే. ఆ మాట మేం అప్పుడూ అన్నాం, ఇప్పుడూ అంటున్నాం. అయితే అదే మార్చిలో తిరుమల దర్శనం 20వ తేదీ దాకా నడిచింది. పార్లమెంటు 23 దాకా నడిచింది. అదే 23 రాత్రి భోపాల్‌లో కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు. 25న, లాక్‌డౌన్ మొదటి రోజున, అయోధ్యలో రాముడి విగ్రహాన్ని మరోచోటికి తరలించారు, ముఖ్యమంత్రే దగ్గరుండి. వీటిలో దేనికీ మతం పేరు తగిలించలేదు. ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని 14,378 కేసుల్లో 4,291 ఆ జమాతువేనని విడిగా లెక్క చెప్పింది. జల్లెడ పట్టి వెతికి పరీక్షలు చేసిన చోట కేసులు ఎక్కువ దొరకవా? ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, లెక్క మాత్రం ఇంటింటికీ చేరింది. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు బెంచి విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేశారని రాసింది. ఢిల్లీలో మనవాళ్లు 70 మంది మీద ఉన్న కేసుల్ని ఢిల్లీ హైకోర్టు కొట్టేసేసరికి 2025 జూలై 17 వచ్చింది. ఐదేళ్ల తరవాత వచ్చిన ఆ కాగితాన్ని ఏ కాలనీ గేటుకు అతికించమంటారు?

ఇప్పుడు విసుగు సంగతికి వద్దాం. ఏప్రిల్ 10 రాత్రి సూరత్‌లో మగ్గాల కూలీలు రోడ్డెక్కారు. ఇంటికి పంపమన్నారు, బండ్లు తగలబెట్టారు. అది కూలీల ఆవేదన. నిజంగానే ఆవేదన. నాలుగు రోజులకు, ఏప్రిల్ 14న, లాక్‌డౌన్ పొడిగించిన రోజే ముంబయి బాంద్రా స్టేషను దగ్గర వేలమంది చేరారు. వాళ్లూ అదే అడిగారు, ఇంటికి పంపమని. కానీ బాంద్రా స్టేషను పక్కన ఒక మసీదు ఉంది! అంతే. కూలీల చేతిలోని ఖాళీ పళ్లెం టీవీవాళ్లకు కనిపించలేదు, మసీదు మినారు కనిపించింది. మసీదు దగ్గరే ఎందుకు చేరారని స్టూడియోల్లో కూర్చుని అరిచారు. స్టేషను దగ్గర చేరినవాడు రైలు కోసం చేరతాడని కూడా తట్టని తెలివి అది.

మన దగ్గర ఏమయింది? సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ కట్టడం పనికి వచ్చిన ఉత్తరాది కూలీలు ఏప్రిల్ 29న తిరగబడ్డారు. కూలి డబ్బులు ఇవ్వండి, ఊరికి పంపండి అన్నారు. పోలీసు బండి అద్దాలు పగిలాయి. రెండు రోజులు తిరక్కుండానే, మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు రైలు కదిలింది. 1,200 మంది దాకా ఎక్కారు. దేశంలో వలస కూలీల కోసం నడిచిన మొదటి రైలు అదే. కంది కూలీలకు మా సలాం. వాళ్లు విసుక్కోకపోతే ఆ రైలు అప్పుడు కదిలేది కాదు. వేడుకున్నంతకాలం ప్రభుత్వానికి వినబడలేదు, రాళ్లు లేచాక వినబడింది. మేం రాళ్లెత్తమని చెప్పడం లేదు. ఆ రోజు కందిలో ఉన్నవాళ్లు మా పేర్లవాళ్లే అయివుంటే ఏం కదిలేదో చెప్పమంటున్నాం. రైలా, పోలీసు వ్యానా?

ఆ సంగతి తెలుసు గనకే మేం నోరు మూసుకున్నాం. మాలో నెలజీతాలవాళ్లు ఎందరని? పంక్చరు డబ్బా, వెల్డింగు షాపు, పాత ఇనపసామాను, పళ్ల బండి, గాజుల కొలిమి, ఆటో. వీధి వ్యాపారాల్లో మా మగవాళ్లు దేశ సగటు కంటే ఎక్కువని సచార్ కమిటీ 2006లోనే రాసిపెట్టింది. వీధి మూస్తే మొదట మూతపడేది మా కడుపే. నిజామాబాదులో, కరీంనగర్‌లో బీడీలు చుట్టే మా ఆడవాళ్లకు కార్ఖానా నుంచి ఆకు రావడం ఆగింది, తంబాకు రావడం ఆగింది. ఆకు లేకపోతే ఆ రోజు కూలి లేదు. తెల్ల రేషను కార్డుంటే తెలంగాణ ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. ఇవ్వలేదనం. కార్డు లేని అద్దె గదుల సంగతే అడుగుతున్నాం.

సడలింపు ఇచ్చాక పళ్ల బండి బయటికొచ్చింది. బండివాడికి కాలనీ గేటు దగ్గర ఇంకో లాక్‌డౌన్ ఎదురయింది. పేరేంటి? ఆధారు కార్డేదీ? పళ్ల మీద ఉమ్మేస్తున్నారంటూ ఫోన్లలో తిరిగిన వీడియోలు వాడికంటే ముందే ఆ కాలనీకి చేరాయి. ముస్లింల దగ్గర కూరగాయలు కొనొద్దని ఉత్తరప్రదేశ్‌లో ఒక శాసనసభ్యుడు ఆ ఏప్రిల్‌లోనే బాహాటంగా చెప్పాడు. ప్రభుత్వం ఉత్తర్వుతో పెట్టిన తాళం ఉత్తర్వుతో ఊడింది. ఈ తాళానికి ఉత్తర్వు లేదు, గడువూ లేదు. దీని సడలింపు ఏ జీవోలో వస్తుందో సెక్యులర్ మిత్రులు వెతికి చెబితే సంతోషిస్తాం.

మే 4న ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు తెరిచారు. రెండు రోజుల్లో రేట్లు 75 శాతం పెంచినా లైన్లు తగ్గలేదు. 6న తెలంగాణలోనూ తెరిచారు. రంజాన్ నెల నడుస్తోంది. ఆ లైన్లను చూసి కూడా మేం మసీదు తెరవమని అడగలేదు. అడగకపోవడం సరైన పనే. ఈద్ నమాజు ఇళ్లలోనే చదువుకోమని దేవ్‌బంద్ చెప్పింది, ఊళ్లలో మా పెద్దలూ అదే చెప్పారు. మే 25న ఇళ్లలోనే చదువుకున్నాం. మసీదు గడప తొక్కనివ్వని మా ఆడవాళ్లు చాలా ఇళ్లలో ఆ రోజు మొదటిసారి ఈద్ నమాజుకు మగవాళ్ల వెనక వరసలో నిలబడ్డారు. మసీదులు తెరవగానే ఆ వరస ఏమయిందని మా మగపెద్దల్ని అడిగేవాళ్లు లేరు. మేం అడుగుతున్నాం.

మసీదు అడగకపోవడం వేరు, మసీదు అడగలేదు చూడండి అని చెప్పుకోవాల్సి రావడం వేరు. ఆ నెలంతా మా జమాతు పెద్దలు, మా నాయకులు, మా డాక్టర్లు ఫోను ముందు కూర్చుని మేం మాట వింటున్నాం, మేం ఇంట్లోనే ఉన్నాం అని దేశానికి వీడియోలు పంపారు. జబ్బు నయమైన తబ్లీగీలు ప్లాస్మా ఇచ్చారు. ఇవ్వాలి, మనిషికి మనిషి ఇవ్వాలి. కానీ దాన్ని కూడా మా దేశభక్తి సర్టిఫికెట్టులా చూపించాల్సి వచ్చింది. సెక్యులర్ మిత్రులు ఫోన్ చేసి "మీవాళ్లకు కాస్త చెప్పండి" అన్నారు. ఎవరు మావాళ్లు? మద్యం దుకాణం ముందు ఒకరి మీద ఒకరు పడుతున్నవాళ్ల గురించి మీవాళ్లకు చెప్పండని మేం మీకు ఫోన్ చేశామా?

తెరవాలన్నవాళ్లూ మూయాలన్నవాళ్లూ చేసిన వాదన కూడా చూశాం. ముందు ప్రధాని జాన్ హైతో జహాన్ హై అన్నారు. ఏప్రిల్ 11న జాన్ భీ జహాన్ భీ అన్నారు. ప్రాణమూ కావాలి, లోకమూ కావాలని. (జాన్ మా మాటే, జహాన్ మా మాటే. మాటలకు అంటు లేకపోయింది, సంతోషం.) ప్రాణం వైపు మాట్లాడినవాళ్లు ఇంట్లో ఉండండి, దూరం పాటించండి అన్నారు. ఒక్క గదిలో ఏడుగురం పడుకునే ఇంట్లో దూరం ఎక్కడ పెట్టాలి? లోకం వైపు మాట్లాడినవాళ్లు వ్యాపారం నడవాలన్నారు. వాళ్ల వ్యాపారంలో మా పళ్ల బండి లేదు. మేం ఈ పక్షమూ కాదు, ఆ పక్షమూ కాదు. ముందు కార్డున్నా లేకున్నా ఇంటికి బియ్యం చేర్చండి, తరవాత ఎన్ని రోజులైనా తాళం వేయండి అన్నది మా పక్షం. ఆ మాటన్న కమ్యూనిస్టులు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు లేకపోలేదు, వాళ్లకు టీవీలో చోటు దొరకలేదు.

జూన్ 8న గుళ్లు, మసీదులు, చర్చిలు తెరుచుకోవచ్చన్నారు. తాళాలన్నీ ఒకేసారి ఊడాయనుకున్నాం. జూన్ 22న సుప్రీంకోర్టు పూరీ రథయాత్రకు షరతులతో అనుమతిచ్చింది. ఆగస్టు 27న మొహర్రం ఊరేగింపులకు కాదంది. పూరీ ఒక్క ఊరు, మొహర్రం దేశమంతా అంది. ఆ తేడా మేమూ ఒప్పుకుంటాం, అక్కడితో ఆగివుంటే మాకు మాటే లేదు. కోర్టు ఇంకో కారణం కూడా చెప్పింది. అనుమతిస్తే గందరగోళం అవుతుంది, రోగం పంచారని ఒక వర్గాన్ని లక్ష్యం చేసుకుంటారు అంది. మా మీద జాలితోనే అనివుంటారు. కానీ ఆ మాటలో మా బతుకంతా ఉంది. ద్వేషించేవాణ్ణి ఆపడం చేతగాక, ద్వేషం పడేవాణ్ణి ఇంట్లో కూర్చోమంటున్నారు. పైగా తెలుగు పల్లెల్లో పీర్లపండగ ఒక్క మాదేనా? పీరు ఎత్తేవాళ్లలో, అలావా చుట్టూ ఆడేవాళ్లలో హిందువులు ఎందరో పల్లె తెలిసిన ఎవరికైనా తెలుసు. ఆ ఊరేగింపులో రోగం పుడితే ఏ వర్గాన్ని లక్ష్యం చేసుకునేవాళ్లట?

2021 ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళాకు లక్షల మంది మునిగారు. దీన్ని మర్కజ్‌తో పోల్చొద్దని, గంగమ్మ దయ ఉందని ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి అప్పట్లో చెప్పారు. మునిగినవాళ్లను మేం తిట్టలేదు. వాళ్లూ మనుషులే, ఆ ఏప్రిల్, మే నెలల్లో వాళ్ల ఇళ్లలోనూ శవాలు లేచాయి. ఎవరి మతం పేరా ఆ లెక్క రాయొద్దు. 2020 ఏప్రిల్‌లో మా పేరా రాసిన లెక్క కూడా కొట్టేయండి. కోర్టులు కొట్టేసింది చాలదు. రాసిన చేతులతోనే కొట్టేయాలి.

2021 మే 12న తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు. రంజాన్ పండగ ఇంకా రెండు రోజులు. పొద్దున 6 నుంచి 10 దాకా సడలింపు. పండగ ముందు నాలుగు రాత్రుల అమ్మకంతో ఏడాది అప్పు తీర్చే చిన్న దుకాణదారు సరుకు దింపుకుని ఉన్నాడు. వాడికీ విసుగొచ్చింది, ఎందుకు రాదు? కానీ వాడు ముందు గల్లీకి అటూ ఇటూ చూశాడు. ఎవరైనా ఫోన్లో వీడియో తీస్తున్నారేమో చూసుకున్నాడు. అప్పుడు షట్టరు సగం దించి, లోపల గొంతు తగ్గించి విసుక్కున్నాడు.