పసుపు బస్సు మనది: ఉత్తర టెక్సస్ తెలుగు తల్లిదండ్రుల ప్రణాళిక

ఇక్కడికి వచ్చిన తొలి వారంలో మనలో చాలామందిమి చేసిన పని ఒకటే. అపార్ట్‌మెంట్ లీజు, కరెంటు బిల్లు, పిల్లల టీకాల కార్డు ఒక ఫైల్లో పెట్టుకుని దగ్గర్లోని స్కూలుకు వెళ్లాం. కౌంటర్ దగ్గరున్నావిడ కాగితాలన్నీ చూసి, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగి ‘తెలుగు’ అని రాసుకుంది. డొనేషన్ మాట లేదు. పిల్లకు ఇంటర్వ్యూ లేదు. వీసా ఏ రకమో కూడా అడగలేదు. సోమవారం నుంచి పంపించమంది. సోమవారం పొద్దున పసుపు బస్సు గేటు ముందు ఆగింది.

ఆ ఐదు నిమిషాల పని వెనక చాలామంది కష్టం ఉంది. ఉచిత ప్రభుత్వ బడులను నడపడం శాసనసభ విధి అని టెక్సస్ రాజ్యాంగం 1876లోనే రాసుకుంది. పేదపేటల బడికీ డబ్బున్న పేటల బడికీ నిధుల్లో ఇంత తేడా ఏమిటని శాన్ ఆంటోనియోలోని ఎడ్జ్‌వుడ్ వాళ్లు కోర్టుకెక్కారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టులో ఓడిపోయారు, పట్టు వదలకుండా 1989లో టెక్సస్ సుప్రీంకోర్టులో గెలిచారు. డాలస్‌కు తూర్పున ఉన్న టైలర్ ఊరి కేసులో, కాగితాలు లేని పిల్లలనైనా సరే బడి బయట నిలబెట్టకూడదని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వాళ్లు తెరిపించిన తలుపులోంచే మన పిల్లలు లోపలికి వెళ్లారు. వాళ్లకు మనం బాకీ ఉన్నాం.

ఆ బడికే ఇప్పుడు ముప్పొచ్చింది. 2025 మే 3న గవర్నర్ గ్రెగ్ ఆబట్ సెనేట్ బిల్లు 2 మీద సంతకం చేశారు. 2026-27 విద్యా సంవత్సరం నుంచి ప్రైవేటు స్కూళ్ల ఫీజులకు ప్రభుత్వ ఖజానా నుంచి డబ్బు ఇచ్చే చట్టం అది. పేరు సేవింగ్స్ అకౌంట్, పని వోచర్‌దే. మొదటి విడతకే 100 కోట్ల డాలర్లు కేటాయించారు. ఒక్కో పిల్లకు దాదాపు 10,000 డాలర్లు. ఈ ఖర్చు కొన్నేళ్లలోనే కొన్ని రెట్లు కావచ్చని శాసనసభ సొంత బడ్జెట్ బోర్డే అంచనా వేసింది. అదే ఏడాది ప్రభుత్వ బడులకు 850 కోట్ల డాలర్లు పెంచామని చెప్పారు. ఆ పెంపుతో టీచర్లకు జీతాలు పెరిగాయి, సంతోషం. కానీ ప్రతి బడి రోజువారీ ఖర్చులకు ఆధారమైన ‘బేసిక్ అలాట్‌మెంట్’ 2019 నుంచి పిల్లకు 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయి ఉండేది. దాని మీద కలిపింది 55 డాలర్లు. ఈలోగా ధరలు ఐదో వంతుకు పైగా పెరిగాయి. ప్లానోలో నాలుగు బడులు మూసేయాలని 2024లో నిర్ణయించారు. పిల్లల సంఖ్య తగ్గడం కూడా అందుకు కారణమే, కాదనం. తగ్గుతున్న చోట ఇంకొంచెం తగ్గించే చట్టం తేవడమే మాకు మింగుడుపడటం లేదు.

‘మీ పన్ను మీ పిల్ల వెంటే వెళ్తుంది, అందులో తప్పేముంది?’ అని మనవాళ్లే అడుగుతున్నారు. ఒక బడి నుంచి పదిమంది వెళ్లిపోయారనుకుందాం. రెండో తరగతిలో ఇద్దరు, నాలుగులో ముగ్గురు, ఇలా. ఒక్క సెక్షనూ తగ్గదు, బస్సు రూటు తగ్గదు, ఆగస్టు ఎండల్లో ఏసీ బిల్లు తగ్గదు. ఆ పదిమంది లెక్కన రావలసిన నిధులు మాత్రం ఆగిపోతాయి. ఆ లోటు పూడ్చడానికి లైబ్రేరియన్‌నో, నర్సునో, ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునే మన పిల్లల పక్కన కూర్చునే టీచర్‌నో తీసేస్తారు.

బడి ఇలా ఖాళీ అవడం మనకు కొత్త కాదు. మన ఊళ్లలో పసుపు రంగు బండి కాన్వెంటుది. పొద్దున్నే వచ్చి ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలను ఎక్కించుకుపోయేది. సర్పంచి కొడుకు వెళ్లాడు, పోస్టుమాస్టర్ కూతురు వెళ్లింది, చివరికి ఊరి ప్రభుత్వ బడి పంతులు గారి పిల్లలూ వెళ్లారు. బడికి ప్రహరీ కావాలని, మరుగుదొడ్డి కావాలని గట్టిగా అడిగే నోరు లేకుండా పోయింది. పిల్లలు తగ్గారని రేషనలైజేషన్ కింద పోస్టులు తీసేశారు. బడి ఏకోపాధ్యాయ పాఠశాల అయింది, ఆ తర్వాత పక్క ఊరి బడిలో విలీనమైంది. కూలివాళ్ల పిల్లలు ఆ దూరం నడవాల్సి వచ్చింది.

వోచర్ లాంటిది కూడా మనకు తెలుసు. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చదివి ఇక్కడిదాకా వచ్చినవాళ్లు మాలో ఉన్నారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడం. బకాయిలు పేరుకుపోయి, కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేసిన రోజులనూ మరిచిపోం. అయినా అక్కడ కన్వీనర్ కోటా సీటు ర్యాంకును బట్టి వచ్చేది, కౌన్సెలింగ్ ప్రభుత్వం నడిపేది, ఫీజు ఎంతో ప్రభుత్వమే తేల్చేది. టెక్సస్ చట్టంలో ఆపాటి కట్టుబాటు కూడా లేదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు, వైకల్యం ఉన్న పిల్లలకు ముందు ఇస్తామని రాశారు, నిజమే. కానీ వాళ్లకు ముందు దొరికేది వోచరే. సీటు ఎవరికివ్వాలో, ఫీజు ఎంతో స్కూలు ఇష్టం. డాలస్‌లో పేరున్న ప్రైవేటు స్కూళ్ల ఫీజు ఏడాదికి 30,000 డాలర్లు దాటింది. మన బడికి ఏటా ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడు ఇస్తారు, ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆ స్కూలుకు ఏ గ్రేడూ లేదు.

మాలో ఒక అమ్మ ఉంది. ఆమె బాబుకు ఆరేళ్లు వచ్చినా మాటలు సరిగా రాలేదు. బడిలో ఏఆర్‌డీ మీటింగు పెట్టారు, అంటే ప్రత్యేక విద్య అవసరమైన పిల్లకు ఏ సాయం ఇవ్వాలో తేల్చే సమావేశం. పొడవాటి బల్ల చుట్టూ క్లాస్ టీచర్, స్పీచ్ థెరపిస్టు, డయాగ్నొస్టిషియన్, అసిస్టెంట్ ప్రిన్సిపాల్. వారానికి రెండు సార్లు థెరపీ అని రాశారు. చాలదు, మూడు కావాలంది. సంతకం చేయనంది. వాదన మూడు వారాలు సాగింది, మూడే ఇచ్చారు. ఆమె అలా గట్టిగా కూర్చోగలిగింది 1975 నాటి కేంద్ర చట్టం ఇచ్చిన హక్కు వల్ల. వోచర్ తీసుకుని ప్రైవేటు స్కూలులో చేర్పిస్తే, డబ్బు 30,000 దాకా రావచ్చు గానీ, ఆ బల్ల ముందు కూర్చుని నిలదీసే హక్కు ఉండదు.

ఇది ఒక పార్టీ వ్యవహారం కాదు. 2023 నవంబరులో వోచర్ ప్రతిపాదనను 84-63 ఓట్లతో ప్రతినిధుల సభ తోసిపుచ్చినప్పుడు 21 మంది రిపబ్లికన్లు ఆ పక్షాన నిలిచారు. వాళ్లలో చాలామంది పల్లెల ప్రతినిధులు. ఆ ఊళ్లలో ఉద్యోగాలిచ్చేది బడే, శుక్రవారం రాత్రి ఊరంతా చేరేది దాని ఫుట్‌బాల్ మైదానంలోనే. వాళ్లను 2024 ప్రైమరీల్లో ఓడించడానికి గవర్నరే కంకణం కట్టుకున్నారు, చాలామంది ఓడిపోయారు. ఆ తర్వాతే, 2025 ఏప్రిల్‌లో, 85-63తో బిల్లు గట్టెక్కింది. 2024లో కెంటకీ, నెబ్రాస్కా ప్రజలు నేరుగా ఓటేసి వోచర్లను తిరస్కరించారు. టెక్సస్ పౌరులకు సంతకాలు సేకరించి ఒక చట్టాన్ని బ్యాలెట్ మీదకు తెచ్చే వీలు లేదు. కాబట్టి మనకున్న దారి శాసనసభే, అక్కడికి ఎవరిని పంపుతున్నామన్నదే.

2027 జనవరిలో ఆస్టిన్‌లో సభ కూడినప్పుడు మేం అడిగేవి ఇవి. వోచర్ నిధికి ఇంకొక్క డాలరు కలపొద్దు, చట్టాన్ని రద్దు చేసే బిల్లు పెట్టండి. అది జరిగేదాకా, ప్రభుత్వ సొమ్ము ముట్టిన ప్రతి స్కూలూ అడిగిన పిల్లకల్లా సీటివ్వాలి, మన పిల్లలు రాసే పరీక్షే రాయించాలి, లెక్కలు బయటపెట్టాలి. బేసిక్ అలాట్‌మెంట్ ఏటా ధరలతో పాటు పెరగాలి. ఇప్పుడు నిధులు హాజరును బట్టి లెక్కగడుతున్నారు. జ్వరంతో ఇంట్లో ఉన్న పిల్ల లెక్కలో తప్పిపోతోంది. చేరిన పిల్లలను బట్టి ఇవ్వాలి.

మా పిల్లల కోసం మేం వోచర్‌కు దరఖాస్తు పెట్టం. పెట్టిన కుటుంబాన్ని నిందించం, వాళ్ల ఇబ్బంది ఏమిటో వింటాం. బడిలో లోపముంటే అది చెప్పాల్సిన చోటు బోర్డు మీటింగు, అక్కడే చెబుతాం. పౌరసత్వం వచ్చినవాళ్లం మార్చి ప్రైమరీలోనూ స్కూల్ బోర్డు ఎన్నికల్లోనూ ఓటేస్తాం. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్లం ఓటేయలేం. అయినా ప్రాపర్టీ ట్యాక్స్ కడుతున్నాం, అద్దెలో భాగంగానైనా కడుతున్నాం. మైకు ముందు నిలబడి మాట్లాడటానికి ఓటరు కార్డు అక్కర్లేదు.

వచ్చే బోర్డు మీటింగుకు మేం ముగ్గురం వెళ్తున్నాం. మాట్లాడాలనుకుంటే పేరు ముందే రాయించాలి, ఒక్కొక్కరికి ఇచ్చేది కొద్ది నిమిషాలే. ఇంగ్లిష్‌లో తడబడతామనుకునే అమ్మలు, అమ్మమ్మలు చెప్పదలచింది తెలుగులో రాసివ్వండి, ఇంగ్లిష్‌లోకి మార్చి పక్కన నిలబడి చదువుతాం. రైడ్ కావలసినవాళ్లు ముందురోజు చెప్పండి. కార్లో ఇంకా నాలుగు సీట్లున్నాయి.