30 వేలుంటే ఫోన్ కాదు, పీసీ కొనండి

"బీటెక్‌లో చేరుతున్నా, 30 వేలల్లో మంచి ఫోన్ ఏదో చెప్పన్నా." నల్లమాడ వెళ్లినప్పుడల్లా ఈ ప్రశ్న తప్పదు. నా జవాబు ఒకటే: ఉన్న ఫోన్ పనిచేస్తుంటే దాన్నే వాడు, ఆ డబ్బుతో పీసీ కొను. ఫోన్లు రివ్యూ చేసే సైట్‌లో ఈ మాట అనడం కొంచెం విడ్డూరమే, తెలుసు.

మన వైపు పీసీ ఇళ్లలోకి పెద్దగా రాలేదు. ఆఫీసుకీ, అంగడికీ వచ్చి అక్కడే ఆగిపోయింది. ఐబీఎం పీసీ 1981లో విడుదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో కార్డ్ ప్రాజెక్టుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 2011లో మీసేవ, 2019లో గ్రామ సచివాలయాలు. ఇంట్లోకి మాత్రం నేరుగా స్మార్ట్‌ఫోనే దిగింది, 2016లో జియో వచ్చాక మరీనూ. దాంతో పీసీ అంటే కౌంటర్ అవతల ఎవరో నడిపేది, మనం ఇవతల నిలబడి ప్రింట్ తీసుకునేది అనే అలవాటు పడిపోయింది.

కౌంటర్ అవతల ఏం జరుగుతుందో చూడాలంటే ధర్మవరం వెళ్లండి. పట్టుచీర అంచు మీద నెమలి రావాలంటే ముందు దాన్ని గ్రాఫ్ గళ్లలోకి మార్చాలి. గ్రాఫ్‌లో ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. అట్టలో రంధ్రం ఉన్నచోట ఆ దారం పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. అంటే 1, 0. ఫ్రాన్స్‌లో జాకార్డ్ 1804 ప్రాంతంలో తెచ్చిన మగ్గం పద్ధతి ఇది. తర్వాత మొదటి తరం కంప్యూటర్లకు డేటా ఎక్కించిందీ ఇలాంటి చిల్లుల కార్డులతోనే. ఒకప్పుడు ఆ గళ్లన్నీ చేత్తో నింపేవాళ్లు, డిజైన్ మారితే మళ్లీ మొదటినుంచీ. ఇప్పుడు ఆ పని పీసీలో చేస్తారు. నెమలిని తిప్పాలన్నా, అంచు పెంచాలన్నా ఫైల్ మారిస్తే చాలు. ఇది ఆరంగుళాల స్క్రీన్ మీద వేలితో అయ్యే పని కాదు.

పెళ్లిపత్రికలు వేసే డీటీపీ సెంటర్లోనూ ఇంతే. (అక్కడ అను ఫాంట్స్‌లో కొట్టిన తెలుగు ఇంకోచోట తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపించడం వేరే గోల. యూనికోడ్ కాదు కదా!)

ఫోన్లో కోడింగ్ యాప్‌లు ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి, పది లైన్ల ప్రోగ్రామ్‌కు సరే. ఒక పక్క కోడ్, ఇంకో పక్క ఎర్రర్, మధ్యలో డాక్యుమెంటేషన్ తెరుచుకుని మూడు గంటలు కూర్చోవాల్సి వస్తే తెలుస్తుంది. ఇంట్లో పీసీ ఉన్న సిటీ కుర్రాడు ఇంటర్‌లోనే ఆ మూడు గంటలు కూర్చుంటున్నాడు. మనవాడు కాలేజీ ల్యాబ్‌లో వంతు కోసం చూస్తున్నాడు. ప్లేస్‌మెంట్లలో తేడా అక్కడే పడుతోంది, తెలివిలో కాదు.

కొత్తదే కావాలని లేదు. కంపెనీలు వాడి వదిలేసిన రీఫర్బిష్డ్ బిజినెస్ ల్యాప్‌టాప్ అయినా నడుస్తుంది. విండోస్ 10కు సపోర్ట్ 2025 అక్టోబర్‌లో ఆగిపోయింది కాబట్టి ఇంటెల్ అయితే 8వ తరం, ఆపై ప్రాసెసర్ చూడండి. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి, 8 జీబీకి తక్కువ ర్యామ్ వద్దు. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో షాపులోనే నడిపించి చూడండి. కీబోర్డులో ప్రతి మీటా నొక్కి చూశాకే డబ్బు ఇవ్వండి.