ఆ నిద్ర సోమరితనం కాదు



"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అంటాం. కానీ మన ఊళ్ల నుండి హైదరాబాదు పాతబస్తీకి వెళ్లి లాడ్‌బజార్ గాజుల దుకాణంలోనో, పత్తర్‌గట్టి బట్టల కొట్టులోనో పనిచేసే బిడ్డ బేరం మధ్యలో నిద్రలోకి జారితే ఆ సామెత ఎవరికీ గుర్తుకు రాదు. యజమాని కుంభకర్ణుడంటాడు. ఇంట్లో సోమరిపోతంటారు. సంఘంలో కొందరు "దురాత్మ పట్టింది, ఉపవాసముండు" అంటారు. ఈ మూడు మాటలనూ మేము ఖండిస్తున్నాము.

కునికే ప్రతివారూ రోగులు కారు. అయితే రాత్రి చాలినంత పడుకున్నా నెలల తరబడి పగలు ఆపుకోలేని నిద్ర వస్తుంటే, పకపకా నవ్వినప్పుడు మోకాళ్లు పట్టుతప్పుతుంటే, మెలకువ వచ్చినా కాసేపు ఒళ్లు కదలకుంటే, అది నార్కోలెప్సీ కావచ్చు. 1880లో ఫ్రాన్సు వైద్యుడు జెలినో పెట్టిన పేరిది. నవ్వితే పట్టుతప్పే రకంలో, మెలకువను నిలిపే హైపోక్రెటిన్‌ను తయారుచేసే మెదడు కణాలు నశించిపోతాయని 2000 నాటికి తేలింది. నశించిన కణాలు తిట్లకు తిరిగి రావు. ఉపవాసానికీ రావు. న్యూరాలజిస్టు రాత్రంతా నిద్ర పరీక్ష, మరునాడు రెండేసి గంటలకొక కునుకు పరీక్ష చేయించి నిర్ధారిస్తారు. పూర్తిగా నయం కాకున్నా మందులతో అదుపులో ఉంటుంది.

"మరి వ్యాపారం నడవొద్దా?" అంటారు. నడవాలి. చార్మినార్ చుట్టుపక్కల ఇరానీ చాయ్‌కి పావుగంట ఇవ్వని కొట్టు ఉందా? చాయ్‌కి ఇచ్చే పావుగంట కునుకుకు ఎందుకివ్వరు? వేళకు తీసే చిన్న కునుకు కూడా వైద్యంలో భాగమే. లక్క కరిగించే నిప్పుల దగ్గర, బండి నడిపే పనిలో మాత్రం పెట్టకండి. కళ్లద్దాలు పెట్టుకున్నవాణ్ణి సోమరి అనం కదా!

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో నార్కోలెప్సీ పేరు లేదు. చట్టం పేరెత్తని చోట మనుషులే న్యాయం చేయాలి.

త్రోయలో పౌలు ప్రసంగిస్తుండగా ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు నుండి పడ్డాడు. పౌలు మందలించలేదు, మెట్లు దిగి వెళ్లి కౌగిలించుకున్నాడు.

వచ్చే ఆదివారం వాక్యం మధ్యలో ఎవరైనా నిద్రపోతే మోచేత్తో పొడవకండి. ఆరాధన అయ్యాక పక్కన కూర్చుని, "అమ్మా, ఇది ఎన్నాళ్లుగా?" అని అడగండి. అవసరమైతే ఆసుపత్రికి తోడు వెళ్లండి.