పాలక్యానులను హ్యాండిలునకు తగిలింపవచ్చునా?

అంబర్‌పేటయందు మూసీ యొడ్డున పశుగ్రాసము పెంచువారును, గేదెలను మేపి పాలమ్ముకొనువారును తెల్లవాఱకముందే బయలుదేఱి నల్లకుంట మీదుగా నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీథులకు పోవుట మనమందఱ మెఱిగినదే. వారిలో పెక్కుమంది మోపెడులకును ఆటోలకును మాఱినారు. అయినను సైకిలు పోలేదు. నూనె ధర దానికి లేదు. ఆటో దూఱని సందులో అది దూఱును. ఇంటిలోని పిల్లవాడు సైతము దానిని నడపగలడు. అట్టి సాధనమును గుఱించి మన సంఘమున ఋణము వ్రాయునప్పుడు అడుగు ప్రశ్న యొక్కటే: ధర యెంత? అది చాలదని మా యభిప్రాయము. ఎద్దును కొనునప్పుడు కాలు చూతుము, గిట్ట చూతుము, పండ్లు లెక్కింతుము. సైకిలును కొనునప్పుడు రంగు చూచి డబ్బు చెల్లింతుము.

మేమిట్లు వ్రాయుటకు కారణము కలదు. గడచిన వర్షకాలమున మే మెఱిగిన యొక కుఱ్ఱవాడు పది లీటరుల క్యానులు రెండు హ్యాండిలునకు ఇరుప్రక్కల తగిలించుకొని పోవుచు ఒక మలుపున పడినాడు. గుంట లేదు, ఎవరును అడ్డము రాలేదు. తాను త్రిప్పినంతకంటె హ్యాండిలు అధికముగ తిరిగిపోయినదని వాడు చెప్పెను. ఒక క్యాను ఊగి చక్రపు చువ్వలకు తగిలెను. మణికట్టు విఱిగెను; పాలన్నియు మోరీపాలయ్యెను. సైకిలును బాగుచేయించి మూడు వారములకు మరల ఎక్కగా అది మునుపటివలె లేదు. మెల్లగా పోవునప్పుడు ముందుచక్రము ఒకప్రక్కకు పడిపోవుచున్నట్లుండెనట. మమ్ము అడిగినాడు. మేము పెద్దమనిషివలె తల యూపి, హ్యాండిలు వదులైనది, గోళీల చోట మఱ బిగింపుమని చెప్పితిమి. వాడు బిగించెను; సైకిలు మఱింత మొండికెత్తెను. బిగిసిన హ్యాండిలు చిన్నచిన్న సవరణలకు లొంగదు. తొక్కువాడు క్షణక్షణమును చేయు ఆ సవరణలే సైకిలును నిలుపునవి. తెలియక చెప్పిన సలహాతో మేము వానికి కీడే చేసితిమి. సంగతి యేమో తెలిసికొనవలయునని అప్పుడు పూనుకొంటిమి.

ముందుచక్రము పై గొట్టమునకు నిలువుగా లేదు; గొట్టము వెనుకకు వాలి యుండును. ఆ గొట్టము వాలిన దారినే ఒక దారమును నేలవఱకు చాచినయెడల, అది చక్రము నేలను తాకుచోటికంటె కొంత ముందుగా నేలను తాకును. ఈ దూరమునే సైకిలు చేయువారు ట్రెయిలు అందురు. ఫోర్కు కొస ముందునకు వంగి యుండుట అందమునకని పలువురు తలచుచున్నారు. ఆ వంపు హెచ్చినకొలది ట్రెయిలు తగ్గును, వంపు తగ్గినకొలది ట్రెయిలు పెరుగును. మన పెద్దచక్రముల సైకిలునందు చక్రపు అర వ్యాసము 14 అంగుళములు, గొట్టపు వాలు 67 డిగ్రీలు, ఫోర్కు వంపు 3 అంగుళములు అనుకొన్నచో ట్రెయిలు సుమారు 2¾ అంగుళములగును. దేనికో ఢీకొని ఫోర్కు ఒక్క అంగుళము వెనుకకు పోయెనా, ట్రెయిలు 3¾ అంగుళములకు పెరుగును. కంటికి ఒక అంగుళమే గదా!

ట్రెయిలు మంచిదే. కుర్చీకాళ్లకుండు చిన్నచక్రమువలె, ముందుచక్రము ప్రయాణపు దారికి తనంతట తిరిగివచ్చునట్లు అది చేయును. కాని అది మితిమీఱినపుడు వేఱొక గుణము బయటపడును. సైకిలును నిలిపి హ్యాండిలును మెల్లగా త్రిప్పిచూడుడు: ముందుభాగము కొంచెము క్రిందికి దిగును. బరువు ఎప్పుడును దిగుటకే చూచును. కావున ముందున ఎంత బరువున్నచో అంతగా అది హ్యాండిలును ప్రక్కకు త్రోయును. వేగముగా పోవునపుడు ఇది తెలియదు. నడకవేగముతో సందు తిరుగునపుడే తెలియును. పాలవాడు పోవునది ఆ వేగముననే. ఇంటింటికి ఆగుచు, కుక్కలను పిల్లలను తప్పించుచు పోవువానికి హ్యాండిలు పడిపోవు గుణము శత్రువు. దానికి తోడు హ్యాండిలు కొసలకు తగిలించిన క్యానులు లోలకములవలె ఊగును. లీటరు పాలు కిలోకు కొంచెము పైమాటే. క్యాను బరువు వేఱు. ఇరువైపుల కలిసి ఇరువదిన్నర కిలోలకు మించును. ఇంత బరువు త్రిప్పుడునకు దూరముగా నున్నచో, దానిని కదల్చుటయు కష్టము, కదలిన దానిని ఆపుటయు కష్టము.

కొందఱు, చక్రము తిరుగుచున్నంతకాలము బొంగరమువలె సైకిలు నిలుచును గదా, ఈ కొలత లెందుకందురు. డేవిడ్ జోన్స్ అను నాంగ్లేయుడు 1970లో ఈ మాటను పరీక్షించెను. ముందుచక్రము ప్రక్క ఎదురుగా తిరుగు మఱియొక చక్రమును అమర్చి బొంగరపు బలమును చంపివేసినను, సైకిలును తొక్కగలిగెను. ముందుచక్రమును ముందునకు జరిపి ట్రెయిలును తలక్రిందులు చేసిన సైకిలు మాత్రము అతనిని ముప్పుతిప్పలు పెట్టినది. 2011లో హాలండు, అమెరికా పండితులు సైన్స్ పత్రికలో ఇంకొక వింత చూపిరి. బొంగరపు బలమును, ట్రెయిలును రెండును లేకున్నను, బరువులను తగినచోట పెట్టినచో మనిషి లేని బండి తనంతట నిలిచి పోగలదని వారు కట్టి చూపిరి. బరువెక్కడ నున్నదన్నదే వారి యంత్రమును నిలిపినది. మన పాలవానికిని ప్రశ్న అదియే.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. ఎడ్లబండి నడపువాడు బస్తాలు వేయునపుడు ఎంత జాగ్రత్త వహించును! బరువు ముందైనచో ఎడ్ల మెడలపై పడును. వెనుకైనచో కాడి పైకి లేచి ఎడ్ల గొంతు బిగియును. ఇరుసు మీదికి బరువు తెచ్చి, కాడిపై కొంచెమే ఉంచును. అదే రైతు సైకిలు వెనుక పారాగడ్డి మోపు కట్టునపుడు ఈ తెలివి మఱచును. మడమలకు తగులుచున్నదని మోపును వెనుకకు, ఇంకను వెనుకకు నెట్టును. బరువు వెనుక ఇరుసును దాటిపోవును. ముందుచక్రము తేలికయగును, ఎత్తు ఎక్కునపుడు నేలను గట్టిగా పట్టదు, హ్యాండిలు చేతిలో ఖాళీగా ఆడును. మూసీయొడ్డు నుండి నగరమునకు దారి ఎక్కుడుదారియే యని మఱువరాదు. పచ్చిగడ్డి వాన తడిసినచో మోపు బరువు ఇంకను పెరుగును. మోపు ముందుకొసను సన్నముగా కట్టి, మడమకు చోటు విడిచి, వెనుక ఇరుసునకు కొంచెము ముందుగానే, ఎంత క్రిందికి వీలైన అంత క్రిందికి ఇరుప్రక్కల సమముగా వ్రేలాడగట్టుట ఉత్తమము. తొక్కువాడు ఎక్కి కూర్చుండగా ముందుచక్రము క్రింద కాంటా పెట్టి, వెనుకచక్రమును అంతే యెత్తున నిలిపి తూచినచో, మొత్తపు బరువులో నాలుగవవంతైనను ముందుండవలయునని మా లెక్క.

ముందున బరువే పెట్టరాదని మేము చెప్పము. పారిసునందు వార్తాపత్రికలు మోసినవారి సైకిళ్లకు ముందుచక్రము పైననే పెద్ద పలక యుండెడిది. ఫోర్కునకు వంపు హెచ్చించి ట్రెయిలు తగ్గించిరి. ఆంగ్లదేశమున రొట్టెలవారు మఱియొక ఉపాయము కనుగొనిరి: ముందుచక్రమును చిన్నదిగా చేసి, దానిపై బుట్టను ఫ్రేమునకే బిగించిరి. హ్యాండిలు తిరిగినను బుట్ట తిరుగదు. మన సైకిలునకు ఈ రెండింటిలో ఏదియు లేదు. దాని ముందుభాగము మనిషిని మోయుటకు కొలిచి చేసినది. రెండు క్యానులను అక్కడ తగిలించి, పడినపుడు మనిషిని తిట్టుచున్నాము. ఇరుసు నుండి హ్యాండిలు వఱకు రెండు కమ్ములు వేయించినచో సరిపోవునని కొందఱు నమ్ముచున్నారు. కమ్ములు ఫోర్కును విఱుగకుండ కాపాడునేమో గాని, త్రిప్పుడును తేలిక చేయవు. తప్పనిసరిగా ముందున పెట్టవలసివచ్చినచో, చిన్న డబ్బాలను చక్రమునకు ఇరుప్రక్కల ఇరుసు దగ్గఱ ఫోర్కునకు హత్తించి, ఊగకుండ కట్టవలయును.

ఖర్చు పెరుగునని ఆక్షేపించువారు కలరు. వెనుక ఇరుప్రక్కల క్యానులు నిలుచు ఇనుపచట్రము ఏ వెల్డింగు దుకాణమునందైనను చేయుదురు. ఒక్కసారి ఒలికిన ఇరువది లీటరుల పాలవెలను, ఆసుపత్రి ఖర్చును, మూడు వారముల వాడుక పోవుటను దానితో పోల్చిచూడుడు. కుఱ్ఱవాడు మంచమున నుండగా వాని ఖాతాయిండ్లలో సగము ప్యాకెట్టుపాలకు మాఱిపోయినవి. అవి నేటికిని తిరిగి రాలేదు.

కావున సంఘపు పెద్దలకు మా మనవి. సైకిలు ఋణమున చట్రపు వెలను కూడ చేర్చుడు. ఋణమిచ్చుటకుముందు సైకిలునకు దారము పట్టి ట్రెయిలు కొలిచి ఆ అంకెను కాగితమున వ్రాయించుడు. మనిషి యొకడు, దారము, బద్ద చాలును. ప్రమాదమైన తరువాత మరల కొలిచి, పాత అంకెకు అరయంగుళము మించి తేడా యున్నచో ఫోర్కును మార్పింపుడు, సుత్తితో సాగదీయింపవలదు. వంగిన ఇనుమును చల్లగా కొట్టి నిలువుచేసినచో అది లోపల పగులవచ్చును, ఆ పగులు రంగు క్రింద కనబడదు.

మేము ఆ కుఱ్ఱవాని సైకిలునకు దారము పట్టినపుడు ట్రెయిలు నాలుగంగుళములకు దగ్గఱగా వచ్చెను. అదే తీరు క్రొత్త సైకిలునందు మూడంగుళములు కూడ లేదు. ఫోర్కును మార్చి, మేము బిగింపించిన మఱను వదులుచేయించి, క్యానులను వెనుకకు మార్చితిమి. వాడిప్పుడు చిక్కడపల్లి బజారు వఱకు పోయివచ్చుచున్నాడు. ఎడమచేయి ఇంకను పూర్తిగా తిరుగదు.