రేపటి ఆటగాడు, ఈనాటి కూలి

బేస్‌బాల్ గురించి ఈ పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. మన దగ్గర దాదాపు ఎవరూ ఆడని ఆట, అందులోనూ మగవాళ్ళ ఆట. నేను చూసేది పెద్ద లీగు కూడా కాదు. దాని కింద అంచెలంచెలుగా ఉండే మైనర్ లీగుల్లో పద్ధెనిమిది, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఎవరు ఏ మెట్టు ఎక్కారు, ఎవరు జారారు, ఎవరిని మధ్యలోనే ఇంటికి పంపేశారు అన్నది ఏళ్ళ తరబడి గమనిస్తూ ఉంటాను. పరిశోధన పని మీద అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో, డర్హమ్ అనే ఊళ్ళో కొంతకాలం ఉన్నప్పుడు పట్టుకున్న అలవాటు ఇది. డర్హమ్ మన గుంటూరులాగే పొగాకుతో పెరిగిన ఊరు. అక్కడి జట్టు 'డర్హమ్ బుల్స్' పేరు కూడా ఒక పొగాకు బ్రాండు నుంచి వచ్చిందే. చౌక టికెట్టు, సాయంత్రపు గాలి, ఎవరికీ పెద్దగా పేరు తెలియని ఆటగాళ్ళు. మొదట నన్ను లాగినవి ఇవే. శ్రమ గురించి, ముఖ్యంగా "నువ్వింకా నేర్చుకుంటున్నావు కదా, జీతం మాటెందుకు" అనే వాదన గురించి ఇంత బాహాటంగా చెప్పే చోటు మరొకటి నాకు తారసపడలేదన్నది తర్వాత్తర్వాత అర్థమైంది.

ముందు ఆ వ్యవస్థ ఎలా ఉంటుందో చెప్పాలి. మేజర్ లీగులో 30 జట్లు. ఒక్కో జట్టుకీ కింద నాలుగు మెట్లు, మెట్టుకో జట్టు: సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. వాటికీ కింద ఫ్లోరిడా, అరిజోనాల్లో శిక్షణ శిబిరాల లీగులు, డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక వేసవి లీగు. ఒకప్పుడు 160 ఉన్న అనుబంధ జట్లను 2021లో మేజర్ లీగు 120కి కుదించింది. ఈ ఏర్పాటుకి 1920లలో రూపమిచ్చినవాడు సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుని నడిపిన బ్రాంచ్ రికీ. వాళ్ళ వాడుకలో దీని పేరు 'ఫార్మ్ సిస్టమ్'. అంటే పొలం. విత్తనాలు దండిగా చల్లడం, మొలిచిన వాటిలో బలమైనవి ఉంచి తక్కినవి పీకెయ్యడం. పదిమందిలో ఒకడు పై లీగుకి చేరతాడన్నది ఆ ఆట చుట్టూ తిరిగేవాళ్ళు చెప్పే రమారమి లెక్క.

ఈ కుర్రాళ్ళలో పైకి వస్తారని ఆశ ఉన్నవాళ్ళని 'ప్రాస్పెక్టులు' అంటారు. వాళ్ళని వెంబడించడం ఒక పెద్ద కాలక్షేపం, చిన్నపాటి పరిశ్రమ కూడా. 1981లో మొదలైన 'బేస్‌బాల్ అమెరికా' పత్రిక 1990 నుంచి ఏటా అత్యుత్తమ వందమంది ప్రాస్పెక్టుల జాబితా వేస్తోంది. జట్ల తరఫున ఊరూరా తిరిగే స్కౌట్లు ఒక్కో కుర్రాడికి అయిదు విషయాల్లో మార్కులు వేస్తారు. బంతిని కొట్టడం, బలంగా కొట్టడం, పరుగు, ఫీల్డింగు, విసురు. మార్కులు 20 నుంచి 80 దాకా, 50 అంటే సగటు. అంతటితో ఆగరు. భుజాల వెడల్పు, నడుము, ఇంకా ఎంత కండ పట్టే వీలుంది, తండ్రి ఎంత పొడుగు, ముఖం ఎలా ఉంది! 'మంచి ముఖం' అన్నది స్కౌట్ల పరిభాషలో నిజంగానే ఒక మాట. పెళ్ళిచూపుల్లో తలవంచుకు కూర్చున్న మన ఆడపిల్లలకి ఈ చూపు కొత్త కాదు. తేడా ఏమిటంటే ఇక్కడ నిలబడ్డది మగపిల్లలు. ఆ పక్కన ఉన్న ఆడదాన్ని కూడా కొలవకుండా ఈ చూపు వదలదు. 2011లో వచ్చిన 'మనీబాల్' సినిమాలో ఒక స్కౌట్, ఫలానా ఆటగాడి స్నేహితురాలు అందంగా లేదు కాబట్టి అతనికి ఆత్మవిశ్వాసం లేనట్టే అని తేల్చేస్తాడు. హాలులో నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు.

అలాగని ఈ వెంబడింపులో ఆనందం లేదనను. ఏప్రిల్‌లో వంపు తిరిగే బంతి వచ్చినప్పుడల్లా గాల్లోకి బ్యాటు ఊపి తలదించుకు వెళ్ళిపోయిన కుర్రాడు, ఆగస్టు నాటికి అదే బంతిని నిలబడి వదిలెయ్యడం నేర్చుకుంటాడు. కొట్టడం కాదు, వదిలెయ్యడం. దానికి ఎంత ఓర్పు, ఎన్ని పగళ్ళ సాధన కావాలో చూస్తే తెలుస్తుంది. ఒక మనిషి పనిలో ఆరితేరడాన్ని కళ్ళెదుట చూసే అవకాశం జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది? అందుకే ఆ పనికి కూలి ఎంత అని అడగడం అభిమానానికి విరుద్ధమని నేననుకోను. అభిమానులు వాళ్ళ మార్కుల్ని, సగటుల్ని దశాంశాలతో సహా చెప్పగలరు. వాళ్ళ జీతం ఎంతో చెప్పగలిగిన వాళ్ళని అప్పట్లో నేను పెద్దగా చూడలేదు.

2020 దాకా సింగిల్-ఎ ఆటగాడికి వారానికి కనీసం 290 డాలర్లు. డబుల్-ఎలో 350, ట్రిపుల్-ఎలో 502. అదీ సీజన్ నడిచే అయిదారు నెలలకే. వసంతకాలపు శిక్షణకి జీతం లేదు, చలికాలపు సాధనకి లేదు. వారానికి యాభై నుంచి డెబ్భై గంటల పని అని ఆటగాళ్ళు కోర్టుకి చెప్పారు. అప్పట్లో ఒకసారి సంతకం పెడితే ఏడు సీజన్లు ఆ జట్టుకే కట్టుబడి ఉండాల్సి వచ్చేది. జట్టు మాత్రం ఎప్పుడంటే అప్పుడు వదిలించుకోవచ్చు. బేస్‌బాల్‌కి గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని 1922లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పి ఉండడం వల్ల, వేరే యజమానిని వెతుక్కునే దారీ లేదు.

2014లో ఏరన్ సెన్ అనే మాజీ ఆటగాడు, మరికొందరు కనీస వేతనం కోసం దావా వేశారు. వాళ్ళ న్యాయవాది గారెట్ బ్రషుయిస్ తానూ మైనర్ లీగుల్లో పిచర్‌గా ఆడి, ఆ తర్వాత లా చదివినవాడు. జవాబుగా మేజర్ లీగు పెద్దలు రెండు పనులు చేశారు. ఒకటి, పార్లమెంటులో పావులు కదిపి 2018 మార్చిలో రెండువేల పైచిలుకు పేజీల వ్యయ బిల్లులో ఒక నిబంధన దూర్చారు. దానిప్రకారం సీజన్‌లో వారానికి నలభై గంటల కనీస వేతనం ఇస్తే చాలు, ఎన్ని గంటలు పని చేసినా అంతే. దానికి పెట్టిన పేరు 'అమెరికా కాలక్షేపాన్ని కాపాడే చట్టం'! రెండోది నాకు ఇంకా ఆసక్తికరం. వీళ్ళు కార్మికులు కారు, శిక్షణార్థులు అని కోర్టులో వాదించారు. వాళ్ళు పొందే శిక్షణ విలువే వారానికి 2,200 డాలర్ల పైన ఉంటుందని ఒక నిపుణురాలి చేత లెక్క కట్టించి చూపించారు. అంటే ఆ లెక్కన కుర్రాళ్ళే జట్టుకి బాకీ. 2022 మార్చిలో జడ్జి ఆ వాదనని తోసిపుచ్చి, వాళ్ళు ఏడాది పొడుగునా ఉద్యోగులేనన్నాడు. ఆ ఏడాదే 185 మిలియన్ డాలర్లకి రాజీ కుదిరింది.

ఈ వాదన మనకి ఎక్కడో విన్నట్టే ఉంటుంది. 1975లో మొదలైన అంగన్‌వాడీల్లో పనిచేసే స్త్రీలకి ఇచ్చేది ఈనాటికీ 'గౌరవ వేతనం'. అక్కడ శిక్షణ అన్నారు, ఇక్కడ సేవ అన్నారు. అదే 2022లో మన సుప్రీంకోర్టు అంగన్‌వాడీ వర్కర్లకి గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పాల్సి వచ్చింది. అయినా 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన వాళ్ళ సమ్మె 42 రోజులు సాగింది, మధ్యలో ఎస్మా కూడా ప్రయోగించారు. గౌరవం ఇచ్చేవాళ్ళమీద ఎస్మా ఎందుకో!

అయితే అంత తక్కువ జీతంతో ఆ కుర్రాళ్ళు ఎలా బతికారు? గణాంకాల పట్టికల్లో దీనికి జవాబు దొరకదు. తల్లులు డబ్బు పంపారు. ఆతిథ్య కుటుంబాలని ఒక ఏర్పాటు ఉండేది. ఊళ్ళో జట్టు అభిమానులు ఒకరిద్దరు ఆటగాళ్ళని సీజన్ అంతా ఉచితంగా ఇంట్లో పెట్టుకునేవారు. రాత్రి పదకొండింటికి ఆట ముగించుకుని వచ్చేవాడికి అన్నం ఉంచేది, బట్టలు ఉతికేది ఎక్కువగా ఆ ఇంటావిడే. కోట్ల డాలర్ల వ్యాపారం తన కార్మికుల కూడూ గూడూ ఖర్చుని ఆమె వంటింటి మీద వేసింది. ఆమె దాన్ని ప్రేమతోనే చేసింది, అది వేరే సంగతి.

ఇక భార్యలు. ఆటగాడు ఒక మెట్టు ఎక్కాడని మధ్యాహ్నం కబురొస్తే సాయంత్రానికి అతను వేరే రాష్ట్రంలో ఉంటాడు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామాను సర్ది, పిల్లలతో కారు నడుపుకుంటూ వెనక వెళ్ళేది భార్య. అలా ఊళ్ళు మారుతుంటే ఏ ఉద్యోగంలో నిలబడుతుంది? దొరికిన చోట దొరికిన పని చేస్తుంది, ఆ సంపాదనే చాలాసార్లు ఇంటికి ఆధారం. ఒకప్పుడు తానే మైనర్ లీగు ఆటగాడైన మానవశాస్త్రవేత్త జార్జ్ మెల్క్, పట్రీషియా శాన్ ఆంటోనియోతో కలిసి 2001లో బేస్‌బాల్ భార్యల మీద ఒక వ్యాసం రాశాడు. భర్త పనికి తగ్గట్టు తమ జీవితాన్ని మలుచుకోవడమే వాళ్ళ పని అయిపోవడాన్ని అందులో చూడవచ్చు. దక్షిణాసియా స్త్రీల మీద ఎంతో పనిచేసిన హన్నా పాపనెక్ 1973లోనే దీనికి 'ఇద్దరి ఉద్యోగం' అని పేరు పెట్టింది: ఇద్దరు చేస్తారు, ఒకరికే జీతం. మైనర్ లీగుల్లో ఆ ఒకరికి కూడా సరిగా లేదు. డర్హమ్ జట్టు మీద 1988లో వచ్చిన సినిమా 'బుల్ డర్హమ్'లో కథ చెప్పేది ఆనీ అనే స్త్రీ. సీజన్‌కి ఒక కుర్రాణ్ణి ఎంచుకుని అతనికి ప్రేమా, కవిత్వమూ, ఆటా నేర్పుతుంది. సినిమా సరదాగానే ఉంటుంది. జట్టుకి ఏళ్ళ తరబడి ఉచితంగా కోచింగ్ చేస్తున్న ఆవిడ పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పుకుని బతుకుతుందన్న సంగతి మీద మాత్రం ఎవరి దృష్టీ నిలవదు.

స్త్రీలు ఆ మైదానంలోకి దిగడానికి ప్రయత్నించకపోలేదు. 1952 జూన్‌లో ఎలినార్ ఎంగిల్ అనే స్టెనోగ్రాఫర్‌తో హారిస్‌బర్గ్ జట్టు ఒప్పందం చేసుకుంది. మైనర్ లీగుల అధిపతి జార్జ్ ట్రాట్‌మన్ అది చెల్లదన్నాడు, ఇకముందు స్త్రీలని తీసుకునే జట్లకి కఠినమైన శిక్ష ఉంటుందని హెచ్చరించాడు. ఆమె ఒక్క ఆట కూడా ఆడలేదు. డెబ్భై ఏళ్ళ తర్వాత, 2022లో, రేచల్ బాల్కవెక్ యాంకీస్ వాళ్ళ టాంపా సింగిల్-ఎ జట్టుకి మేనేజరైంది. అంతకుముందు ఉద్యోగాల కోసం దరఖాస్తులు పెడుతూ జవాబు రాక, కాగితం మీద పేరుని 'రే' అని మార్చుకుంటే ఫోన్లు రావడం మొదలైందని ఆమే చెప్పింది. కుర్రాళ్ళని తీర్చిదిద్దే బాధ్యత ఒక స్త్రీ చేతిలో పెట్టడానికి ఇంతకాలం పట్టింది. వాళ్ళకి అన్నం పెట్టే బాధ్యతకి మాత్రం ఎవరి పేరూ మార్చుకోవలసిన పని రాలేదు.

2022లో పరిస్థితి కదిలింది. ఆ ఏడాది నుంచి ఆటగాళ్ళకి వసతి జట్లే చూపించాలన్న నియమం వచ్చింది. ఆగస్టు చివర మేజర్ లీగు ఆటగాళ్ళ సంఘం మైనర్ లీగుల వాళ్ళకి సభ్యత్వ కార్డులు పంపితే, మూడు వారాలు తిరక్కుండా మెజారిటీ సంతకాలు చేసింది. అయిదువేలకు పైగా కుర్రాళ్ళు సంఘంలోకి వచ్చారు. 2023లో మొదటి ఒప్పందం. సింగిల్-ఎలో ఏడాదికి సుమారు 11,000 డాలర్లుగా ఉన్న జీతం 26,200 అయింది, ట్రిపుల్-ఎలో 17,500 నుంచి 35,800 అయింది. పై లీగులో అదే ఏడాది కనీస జీతం 7,20,000 డాలర్లు కాబట్టి అగాధం అలాగే ఉంది. నాకు నచ్చిన నిబంధన ఇంకొకటి: భార్యాపిల్లలు ఉన్నవాళ్ళకి అందుకు తగిన వసతి ఏర్పాటు. అంతకుముందు వసతి నియమం ఒక్కడుగా ఉండే మగవాణ్ణి దృష్టిలో పెట్టుకుని రాసినది. భార్య కాగితం మీదకి రావడానికి యూనియన్ కావలసి వచ్చింది.

కానీ ఈ ఒప్పందం డొమినికన్ రిపబ్లిక్ అకాడమీల్లో ఉన్న పిల్లలకి వర్తించదు. పదహారేళ్ళకి సంతకం చెయ్యవచ్చు. నోటిమాట ఒప్పందాలు పన్నెండు, పదమూడేళ్ళకే జరిగిపోతుంటాయి. ఆ వయసుకి బడి మానేసి 'బుస్కోన్' అనే శిక్షకుడి దగ్గర చేరతారు. రేపు వచ్చే బోనస్‌లో అతనికి వాటా. శాన్ పెద్రో ద మకోరీస్ అనే చెరకు ఊరు ఎందరో ప్రసిద్ధ ఆటగాళ్ళని ఇచ్చింది. అక్కడ ఎగుమతి మండలం కూడా ఉంది. ఆ దేశపు ఎగుమతి మండలాల్లో మొదటి దశాబ్దాల్లో బట్టలు కుట్టినవాళ్ళు అత్యధికం స్త్రీలే అని హెలెన్ సఫా పరిశోధన చూపించింది. కొడుకు రేపటి ఆశ, కూతురు ఈనాటి జీతం. ఇలాంటి ఇళ్ళు మనకి తెలియనివి కావు. 2011 ఏప్రిల్‌లో యూరీ గియెన్ అనే పద్ధెనిమిదేళ్ళ ప్రాస్పెక్ట్, సైనస్ ఇన్‌ఫెక్షన్ మెదడుకి పాకి చనిపోయాడు. అతని జట్టు అకాడమీలో అర్హత ఉన్న ఆరోగ్య శిక్షకుడే లేడని తర్వాత పత్రికలు రాశాయి.

ఆ అకాడమీల నుంచి వచ్చే పేర్లు ఏటా జాబితాల్లో చేరుతూనే ఉన్నాయి, నేనూ చదువుతూనే ఉన్నాను. మైనర్ లీగు ఒప్పందం అయిదేళ్ళది. 2027 సీజన్‌తో గడువు తీరుతుంది. డొమినికన్ పిల్లల్ని కూడా కార్మికులుగా లెక్కలోకి తీసుకోవాలన్న డిమాండు అప్పటికి బల్ల మీదికి రావాలి. ఆ డిమాండు రాసేటప్పుడు సంఘం వాళ్ళు తల్లుల్ని కూడా పిలిచి కూర్చోబెడితే బాగుంటుంది. బోనస్ కాగితాల మీద సంతకాలు పెట్టే రోజున ఎలాగూ వాళ్ళని పిలుస్తున్నారు కదా.