బండ మీద ఇద్దరు రూమ్మేట్లు

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు గుట్టలెక్కినప్పుడు బండలను దగ్గర్నుంచి చూశారా? బూడిద రంగులో, లేత ఆకుపచ్చలో అట్టలు కట్టినట్టు మచ్చలుంటాయి. రాయి రంగు మారిందేమో అనుకుంటాం. నిజానికి వాటికి ప్రాణముంది. పేరు లైకెన్. బిర్యానీ మసాలాలో పడే రాతి పువ్వు కూడా ఈ జాతిదే.

లైకెన్ అంటే ఒకే గదిలో సర్దుకున్న ఇద్దరు రూమ్మేట్లు. చుట్టూ గోడలా శిలీంధ్రం, లోపల నాచు. 1867లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ఈ మాటంటే, అప్పటి లైకెన్ నిపుణులు చాలామంది ఒప్పుకోలేదు.

ఈ ఇంట్లో స్విచ్ వెలుతురు చేతిలో ఉంటుంది. తడిసిన లైకెన్ మీద వెలుగు పడగానే నాచు వంట మొదలెడుతుంది. చక్కెర తయారవుతుంది, ఆక్సిజన్ పుడుతుంది. మంచి వెలుగుంటే ఇద్దరూ వాడుకోగా ఇంకా మిగిలి, లోపలి ఆక్సిజన్ బయటి గాలిలోని 21 శాతాన్ని దాటుతుంది. మబ్బు పడితే వంట మందగిస్తుంది, చీకటి పడితే బంద్. ఊపిరి మాత్రం ఇద్దరికీ ఆగదు కదా! అందుకే లోపలి ఆక్సిజన్ తగ్గిపోతుంది. బయటి గాలి మెల్లగా లోపలికి రావాల్సిందే. మరీ తడిసి ముద్దయితే ఆ దారులు కూడా నీళ్లతో మూసుకుపోతాయి.

మరి ఎండాకాలం? లైకెన్ పూర్తిగా ఎండి, ఫోన్ స్విచాఫ్ చేసినట్టు పడుకుంటుంది. కోడ్ రాసే నాకు బాగా నచ్చింది ఇక్కడి ఏర్పాటే. వంట ఆగిన వేళ నాచు మీద పడే వెలుగు ప్రమాదం. వాడుకోలేని ఆ శక్తి వల్ల ఆక్సిజన్ హానికర రూపాల్లోకి మారి కణాలను దెబ్బతీస్తుంది. అందుకే ఎండిన పైపొర మసకబారి కర్టెన్‌లా అడ్డుపడుతుంది. వాన పడగానే మళ్లీ తేటపడి వెలుగును లోపలికి వదులుతుంది. నాలుగు నీటి చుక్కలు చల్లి చూడండి, చాలా లైకెన్లు కాసేపట్లోనే పచ్చబడతాయి.

ఇంత లెక్కగా బతికేదాన్ని మనం ఒక్క పెయింట్ డబ్బాతో చంపేస్తున్నాం. బండ మీద పేరు, గుండె బొమ్మ, పక్కనే ఏదో ప్రకటన. రంగు కింద వెలుగుండదు. వెలుగు లేకపోతే నాచుకు వంట లేదు, ఇద్దరికీ తిండి లేదు. బండకు అతుక్కుని పెరిగేవి చాలావరకు ఏడాదికి ఒకట్రెండు మిల్లీమీటర్లు కూడా సాగవు. అరచేతంత మచ్చ మీకంటే వయసులో పెద్దదై ఉండొచ్చు.

ఈ వీకెండ్ గుట్టెక్కితే ఫొటో తీసుకోండి. పేరు ఇన్‌స్టాలో పెట్టుకోండి, బండను వదిలేయండి.