గోత్రము మారినంతనే మూలుగ మారునా?

"మా కోడలు నేడు మా గోత్రమునకు చెందినది, ఆమె రక్తముపై పుట్టింటివారి కధికారము లేదు." గత వర్షకాలమున చిక్కడపల్లిలో నొక యింటి ముంగిట నేను విన్న మాట యిది. పలికినవారు నిరక్షరులు కారు. అశోక్‌నగరులో స్వంతగృహము, పట్టభద్రులైన కుమారులు, నిత్యపూజ గల గృహస్థులు. వారి కోడలి తమ్ముడు, నాకడ చదువుకొన్న బాలుడు, రక్తపు కేన్సరుతో మంచము పట్టియుండెను. పరీక్షలో అక్క మూలకణములే వానికి సరిపోయినవి. ఇచ్చుట కామె సిద్ధపడినది, అత్తవారు వలదనిరి.

వారి వాదములు రెండు: ఒకటి గోత్రము, రెండవది భయము. క్రమముగా విచారింతము.

కన్యాదానముతో గోత్రము మారుననుట యాచారము. కాని రోగికిని దాతకును సరిపోవలసినది గోత్రము గాదు. కణములపై నుండు కొన్ని గుర్తులు. వానికి వైద్యులు హెచ్.ఎల్.ఏ. యని పేరిడిరి. ఫ్రాన్సు దేశీయుడగు జాన్ దోసే 1958లో వానిలో మొదటిదానిని వెల్లడించి, 1980లో నోబెల్ బహుమానమున పాలు పొందెను. ఈ గుర్తులను నిర్ణయించు జన్యువులు ఆఱవ క్రోమోజోమునందున్నవి. ప్రతి శిశువును తండ్రినుండి సగమును, తల్లినుండి సగమును గ్రహించును. కావున నొక తల్లిదండ్రుల బిడ్డలలో నిద్దఱికి పూర్తిగ సరిపోవు నవకాశము నాల్గింట నొకటి. ఈ లెక్కలో కొడుకు, కూతురను భేదము లేదు. పెండ్లియైనది, కానిది యను భేదము అసలే లేదు. మంగళసూత్రము క్రోమోజోమును ముట్టదు.

శాస్త్రము కావలెననువారికి శాస్త్రమే చెప్పెదను. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు సపిండత్వమును పిండప్రదానముతో ముడిపెట్టలేదు. ఒకే శరీరముయొక్క యంశములు సంతతియందు సంక్రమించుటయే సపిండత్వమనెను. తండ్రివైపునను, తల్లివైపునను దాని నంగీకరించెను. శరీరాంశమే బంధుత్వమని చెప్పిన పండితుని దేశమున, ఆ యంశమును నిరాకరించుటకు శాస్త్రమునే సాక్షిగ బిలుచుట యెంత వింత!

అంతకంటె వింత మఱియొకటి. పూర్వికుల యాస్తిలో కూతురికి కొడుకుతో సమానమగు హక్కు గల్పించుటకు ఆంధ్రప్రదేశము 1986లోనే త్రోవ చూపినది. 2005లో దేశమంతటికిని చట్టము వచ్చినది. ఆ పాలు పంచుకొనునపు డత్తవారికి గోత్రము గుర్తురాదు. తమ్ముని ప్రాణమునకై యొక సంచిలో పట్టునంత ద్రవము నడిగినచో మాత్రము గోత్రప్రవరలు నోటికి వచ్చును. పుట్టింటివారును నిర్దోషులు కారు. "కట్నమిచ్చితిమి, ఇంక పాలెక్కడిది?" యని యాడపడుచుచేత విడుదల పత్రముపై సంతకము చేయించుకొన్నవారే, వ్యాధి రాగానే "నీవు మా రక్తమవు" అని యేడ్చుట మనమెఱుగనిదా?

ఇక భయము. మూలుగ యనగా వెన్నుపాము గాదు. నేడు తఱచుగ నవలంబించు పద్ధతిలో నెముక జోలికే పోరు. నాలుగైదు దినములు సూదిమందిత్తురు. దానిచే మూలకణములు రక్తములోనికి వచ్చును. రక్తమును తీసి, యంత్రముతో మూలకణములను వేఱుచేసి, మిగిలినదానిని మరల నెక్కింతురు. అది కొన్ని గంటల పని. ఒడలినొప్పులు, తలనొప్పి కొన్నాళ్ళుండవచ్చును. రెండవ పద్ధతిలో మత్తిచ్చి తుంటియెముక వెనుకనుండి మూలుగ తీయుదురు. తీసినది కొన్ని వారములలో మరల పూడును. ఏ పద్ధతియైనను, దాత యారోగ్యమును ముందుగ పరీక్షింపక చేయరు.

బొంబాయిలోని టాటా స్మారక వైద్యశాలలో 1983లో మన దేశమున తొలిసారి యీ చికిత్స విజయవంతమైనపుడు, తొమ్మిదేండ్ల బాలికకు మూలుగ నిచ్చినది ఆమె సోదరుడే. సోదరుడిచ్చిన త్యాగము, సోదరి యిచ్చిన నపచారమా? భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనల ఫలమగు మెథోట్రెక్సేటు, దాత కణములు రోగి దేహముపై తిరుగబడకుండ నేటికిని వాడు మందులలో నొకటి. తెలుగువాని మందు లోకమున కుపకరించుచుండగా, తెలుగింటి యక్క తన తమ్మున కుపకరింపరాదా?

ఇంతమాత్రమున దాతను నిర్బంధింపవచ్చునని నా మతము గాదు. తన దేహమున కామెయే యజమానురాలు. వలదనుట కామెకు హక్కున్నది. ఆమెకు బదులుగ వలదనుటకు అత్తకును, మగనికిని హక్కు లేదు. ఆమెకు బదులుగ సరేయనుటకు తల్లికిని, అన్నకును హక్కు లేదు. వైద్యులామె నొంటరిగ నడిగి తెలిసికొనవలయును. ఆ నిశ్చయము ముందుగనే కావలయును. ఏలయన, రోగి మూలుగను మందులతో నశింపజేసిన పిదప దాత వెనుదీసినచో, ఆ రోగి ప్రాణమునకే ముప్పు. ఈ చికిత్స ప్రతివారియందును ఫలించునని చెప్పుటయు నసత్యము. అయినను, ఫలింపవచ్చునన్న మార్గమును మూఢత్వముతో మూయుట పాపము.

త్యాగరాయ గానసభలో శిబి దధీచుల కథ జరిగిన మనము కన్నీరు గార్తుము. దధీచి యెముకలిచ్చి ప్రాణము విడిచెను. నేటి దాత యిచ్చి యింటికి వచ్చి భోజనము చేయును. సులభమైన దానమునకు వెనుకాడి, దుష్కరమైన దానమును కీర్తించుట కపటము గాదా?

తోబుట్టువులే లేనివారును, ఉన్నను సరిపోనివారును బహుసంఖ్యాకులు. వారికి పరులే దిక్కు. చిక్కడపల్లి గ్రంథాలయమునందును, అశోక్‌నగరు వసతిగృహములందును ఉద్యోగ పరీక్షలకై రేయింబవళ్ళు చదువు యువకులారా! మీలో ననేకులు నారాయణగూడలోని రక్తనిధికి పోయి రక్తమిచ్చినవారే. చెంప లోపలి తడిని దూదిపుల్లతో తీసి యిచ్చి దాతల పట్టికలో పేరు వ్రాయించుకొనుట అంతకంటె సులభము. పిలుపు వచ్చిననాడు వెనుదీయనని నిశ్చయించుకొన్న పిదపనే వ్రాయించుకొనుడు.

ఆ యింట మూడు వారములు వాదములలో గడచెను. తుదకు అక్క తానే పోయి సంతకము చేసినది. బాలుడింకను వైద్యుల పర్యవేక్షణమున నున్నాడు, ఫలితము తేలవలసియున్నది. అత్తవారి గోత్రచర్చ ముగియువఱకు రోగము మాత్ర మాగలేదు.